తాతగారి ఎన్.ఎస్.ఆర్. బిళ్ల అసలుదేనా? ఎంత పలుకుతుంది?

మీ ప్రశ్న చదివాను, ఫొటోలు రెండూ చూశాను. జనగామ దగ్గర మీ ఊళ్లో పాత ఇల్లు విప్పుతుంటే తాతగారి ట్రంకు పెట్టెలో ఒక ఇత్తడి బిళ్ల దొరికింది. కోడిగుడ్డు ఆకారం, అరచేతిలో సగం ఉంటుంది. పైన ఇంగ్లిషులో ఎన్.ఎస్.ఆర్., దాని కింద ఆర్.టి.డి., మధ్యలో కండక్టర్ అన్న మాట, 317 నంబరు, అడుగున ఉర్దూ అక్షరాలు. వెనక రెండు కొక్కేలు, ఒకటి విరిగింది. నిజాం తన చేత్తో తాతకు ఇచ్చిన బిళ్ల అని ఇంట్లో చెప్పుకుంటారు. ఆన్‌లైన్‌లో ఒకాయన 60 వేలు ఇస్తానన్నాడు, కాకపోతే ముందు 1,500 రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నాడు. ఇది అసలుదేనా, దీని చరిత్ర ఎలా పట్టుకోవాలి, ఎంత అడగొచ్చు అన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫొటోలో కనిపించినంత వరకు బిళ్ల అసలుదే. 1932కీ 1951కీ మధ్యది. నిజాం ఇచ్చింది కాదు, ఉద్యోగంతో పాటు డిపార్ట్‌మెంటు ఇచ్చింది. అరవై వేలు రావు. బిళ్ల ఒక్కటే పట్టుకొస్తే నేనైతే మూడు నుంచి ఐదు వేల మధ్య ఇస్తాను. తాతగారి పేరూ, ఆ 317 నంబరూ ఒకే చోట ఉన్న కాగితం ఒక్కటి దొరికిందా, ఈ లెక్కంతా మారిపోతుంది. ఆ 1,500 మాత్రం కట్టకండి.

నేను వ్యాపారిని కాదు. సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పాతికేళ్లుగా పాత రైలు టికెట్లు, బటన్లు, బిళ్లలు, లాంతర్లు పోగుచేస్తున్నాను. మోసపోయాను కూడా. ఆ కథ కింద చెప్తాను.

అక్షరాలే తారీఖు చెప్తాయి

ఇలాంటి వస్తువుల మీద సంవత్సరం ఉండేది తక్కువ. కంపెనీ పేరు ఎప్పుడు మారిందో తెలిస్తే చాలు, పొడి అక్షరాలు చూసి కాలం కట్టేయొచ్చు.

కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. 1880లలో లండన్‌లో పెట్టిన ఒక కంపెనీ చేతికి ఆ లైను వెళ్లింది. వాటాదార్లకు రావలసిన లాభం తగ్గితే ఆ లోటు నిజాం ఖజానా భరిస్తుందని హామీ. అందుకే దాని పేరులో 'గ్యారంటీడ్' అన్న మాట చేరి నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అయింది. పొట్టిగా ఎన్.జి.ఎస్.ఆర్. 1889లో బెజవాడ దాకా లైను వేసింది, 1893లో లాలాగూడ వర్క్‌షాపు కట్టింది ఈ కంపెనీయే. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం డబ్బిచ్చి రైల్వేను కొనేసుకుంది. ఇక హామీతో పనేముంది? 'జి' ఎగిరిపోయి ఎన్.ఎస్.ఆర్. మిగిలింది. కాబట్టి మీ బిళ్ల 1930కి ముందుది అయ్యే వీలే లేదు.

ఇక ఆర్.టి.డి. అంటే రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్. ఈ తరానికి వింతగా ఉంటుంది గానీ మన ఆర్టీసీ పుట్టింది రైల్వే కడుపునే. 1932లో నిజాం రైల్వే 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో బస్సు సర్వీసు మొదలుపెట్టింది. అందుకే బస్సు కండక్టరు బిళ్ల మీద రైల్వే పేరు. 1950లో నిజాం రైల్వేను కేంద్రం తీసుకుంది, 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. బస్సులు రైల్వే నుంచి విడిపడి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చిందీ అదే ఏడాది. ఏపీఎస్ఆర్టీసీ అన్న పేరు 1958 జనవరి 11న వచ్చింది. ఈ లెక్కన మీ బిళ్లకు అటు 1932, ఇటు 1951 గట్లు. మీ దగ్గరున్న దాని మీద ఎన్.ఎస్.ఆర్. లేకుండా ఆర్.టి.డి. ఒక్కటే ఉండి ఉంటే 1951 తర్వాతది అనుకునేవాణ్ణి.

కోస్తా వాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకో మాట. బెజవాడ, గుంటూరు వైపు ఇళ్లలో దొరికేవాటి మీద ఎం. అండ్ ఎస్.ఎం. అని ఉంటుంది, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. అది 1908లో పుట్టి 1951 ఏప్రిల్‌లో సదరన్ రైల్వేలో కలిసింది. వాల్తేరు వైపైతే బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. పద్ధతి అదే.

నేను మోసపోయిన బిళ్ల

చాలా ఏళ్ల కిందట జుమేరాత్ బజార్‌లో కొన్నాను. గురువారం పొద్దున్నే వెళ్తే తుక్కు సామాన్లలో ఒక్కోసారి మంచివి దొరుకుతాయి. ఆ రోజు ఒక ముసలాయన గుడ్డ పరిచి తాళాలు, మరచెంబులు, గడియారం ముళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో గుండ్రటి బిళ్ల. పైన హెచ్.ఇ.హెచ్., కింద ఎన్.జి.ఎస్.ఆర్., అడుగున 1890. గుండె ఆగినంత పనైంది. ఆరు వేలు చెప్పాడు, బేరమాడి 4,500కి తెచ్చుకున్నాను. నాకు దొరికింది కదా అని బస్సులో దారి పొడుగునా జేబు తడుముకుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చి టీ తాగుతూ మళ్లీ చూస్తే అప్పుడు తట్టింది. హెచ్.ఇ.హెచ్. అంటే 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్'. ఆ బిరుదు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ వాళ్లు ఇచ్చింది 1918లో. అంతకు ముందు నిజాంలంతా ఉత్త హెచ్.హెచ్.లే. 1890లో గద్దె మీదున్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. అంటే ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత రాబోయే బిరుదును ఎవరో ముందే చెక్కి పెట్టారన్నమాట! సంవత్సరం లేకుండా ఆ రెండు పేర్లే ఉండి ఉంటే 1918–1930 మధ్యది అని నమ్మేవాణ్ణి. తయారు చేసినవాడికి పాతదనం ఇంకాస్త కావాలనిపించి అంకె వేశాడు, అక్కడ దొరికిపోయాడు. నేను మాత్రం డబ్బిచ్చాకే దొరికించుకున్నాను. ఆ బిళ్ల ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, కొత్తగా సేకరణలోకి దిగేవాళ్లు వస్తే ముందు అదే చేతిలో పెడతాను.

చేత్తో చూడాల్సినవి

ఫొటో చూసి చెప్పింది సగమే. మిగతా సగం మీరు చూడాలి. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, రెండు మూడు వందల్లో వస్తుంది.

అసలు బిళ్లలు ఎక్కువగా ఇత్తడి రేకు మీద అచ్చు కొట్టి చేసినవి. అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, గోరు పెట్టి లాగితే తగులుతుంది. నకిలీలు అసలుదాన్ని అచ్చుగా తీసుకుని పోత పోసినవి. పోతలో అంచులు సబ్బు అరిగినట్టు మొద్దుబారతాయి, సూదిమొనంత గుంటలు పడతాయి, చుట్టూ ఆకురాయి గీతలు కనిపిస్తాయి. మీ ఫొటోలో 'సి' అక్షరం లోపలి వంపు పదునుగానే ఉంది.

నంబరు చూడండి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. బిళ్లలన్నీ ఒకే అచ్చులో వస్తాయి గానీ నంబర్లు తర్వాత ఒక్కో అంకె పంచ్ పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. అందుకని అంకెలు ఒక వరసలో ఉండవు. మీ 317లో 1 కొంచెం కిందికి జారింది, 7 తల పక్కకి వాలింది. వెనక్కి తిప్పితే ఆ మూడు అంకెలున్న చోట రేకు రవ్వంత ఉబ్బి ఉండాలి. ఉబ్బు ఉంటే నాకు సగం అనుమానం పోయినట్టే. పోత బిళ్లలో అంకెలు కూడా అక్షరాలతో పాటే పోస్తారు, వెనక నున్నగా ఉంటుంది.

అరుగుదల ఎక్కడుందో చూడాలి. రోజూ చొక్కాకో, పటకాకో తగిలించుకున్న బిళ్ల పైకి లేచిన చోట్ల అరుగుతుంది, సందుల్లో మురికి గట్టిపడి ఉంటుంది. కొక్కేల మెడ దగ్గర తోలు రాసుకుని సన్నబడుతుంది. అన్ని చోట్లా ఒకే రకంగా నల్లగా ఉండి, తడి గుడ్డతో తుడిస్తే రంగు వచ్చేస్తే అది మందు పూసి తెచ్చిన పాతదనం. విరిగిన కొక్కెం గురించి దిగులు పడకండి. అతికించొద్దు కూడా. టంకం పెడితే ఆ వేడికి వెనకంతా రంగు మారిపోతుంది.

వెనక ఎక్కడైనా చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు గానీ, బర్మింగ్‌హామ్ లాంటి ఊరి పేరు గానీ ఉందేమో చూడండి. లేకపోయినా నష్టం లేదు.

దయచేసి తోమకండి. ఇది వంద సార్లు చెప్పినా తక్కువే. ఉప్పల్‌లో ఒక ఇంటివాళ్లు లైన్ సిగ్నల్ లాంతరు ఉందని పిలిచారు. ఫోన్లో పంపిన ఫొటోలో లాంతరు ఒంటి మీద ఎర్ర రంగుతో స్టేషను పేరు మూడు భాషల్లో ఉంది, ఉర్దూ, ఇంగ్లిషు, తెలుగు. నేను ఆదివారం వెళ్లాను. శనివారం సాయంత్రమే ఆ ఇంటి పెద్దావిడ, పాపం, చుట్టం వస్తున్నాడని చింతపండు, ఇటుక పొడి పెట్టి అరగంట తోమింది. లాంతరు పెళ్లి పందిట్లో దీపంలా మెరిసిపోతోంది. స్టేషను పేరు లేదు. "ఎంత మురికి వచ్చిందో చూడు బాబూ" అని బకెట్ చూపించింది. నేనేమంటాను? కాఫీ తాగి వచ్చాను. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము దులపండి, అంతే. పచ్చటి చిలుం పొడిలా రాలుతుంటే వేపపుల్ల మొనతో ఆ ఒక్క చోటే గీకండి.

నిజాం ఇచ్చాడన్న మాట గురించి

నొచ్చుకోకండి. నేను వెళ్లిన ప్రతి మూడో ఇంట్లో ఈ మాట విన్నాను. నంబరు వేసిన బిళ్ల ఎవరూ బహుమతిగా ఇవ్వరు, అది లెక్క చెప్పాల్సిన ప్రభుత్వ సొత్తు. ఉద్యోగం వదిలితే తిరిగి ఇచ్చేయాలి, పోగొడితే జీతంలో కోత. మన భాషలో 'బిళ్ల బంట్రోతు' అన్న మాట ఊరికే పుట్టలేదు కదా, బిళ్ల ఉంటేనే సర్కారు మనిషి. బహుమతులైతే వేరేగా ఉంటాయి. 1937లో ఏడో నిజాం సిల్వర్ జూబిలీ ఉత్సవాలప్పుడు వేసిన పతకాల లాంటివి.

అలాగని ఇంట్లో చెప్పుకునే కథను పారేయకండి. నిజాం ఇచ్చాడన్నది తప్పే కావొచ్చు, దాని లోపల ఒక నిజపు పలుకు ఉంటుంది. నిజాం వచ్చిన రోజు డ్యూటీలో ఉన్నాడేమో, నిజాం పేరున్న డిపార్ట్‌మెంటు అని అలా అన్నారేమో. ఆర్టీసీ బస్సు నంబర్లలో 'జడ్' అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందేనని అందరం చెప్పుకుంటాం కదా, ఈ కథలు అలా బతుకుతాయి. మీ నాయనమ్మ ఉన్నారని రాశారు. పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు చేయండి. "నిజాం ఇచ్చాడా?" అని అడక్కండి, అవునంటుంది. తాత ఏ ఊరి బస్సు మీద వెళ్లేవాడు, రాత్రి ఎక్కడ పడుకునేవాడు, జీతం ఏ రూపాయల్లో వచ్చేది, పోలీస్ యాక్షన్ నాటికి ఎక్కడున్నాడు, ఇలా అడగండి. 1948 సెప్టెంబర్ అనకండి, పెద్దవాళ్లకు 'పోలీస్ యాక్షన్' అంటేనే గుర్తొస్తుంది. ముందా, తర్వాతా అని అడిగితే చాలు, కాలం తేలిపోతుంది.

కాగితమే అసలు ధర

నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. బిళ్ల ఎన్ని గ్రాములుంటుంది, యాభై? తుక్కు కొట్టువాడికిస్తే చాయ్ ఖర్చులు వస్తాయి. దాని మీద ఎన్.ఎస్.ఆర్. ఉంది కాబట్టి సేకరించేవాడు కొన్ని వేలు ఇస్తాడు. ఆ 317 ఫలానా ఊరి ఫలానా మనిషి అని తేలితే అది చరిత్ర అవుతుంది, అప్పుడే ధర నిజంగా లేస్తుంది.

కాజీపేటలో ఒక గార్డు గారి మనవడు నాకు బిళ్ల, ఈల తెచ్చి చూపించాడు. రెండున్నర వేలు ఇస్తానన్నాను. అతనికి డబ్బు అవసరమే, ఇచ్చేసేవాడే. ఇంట్లో ఫొటోలేమైనా ఉన్నాయా అని అడిగితే గోడ మీదున్న పటం దించుకొచ్చాడు. తాత యూనిఫాంలో నిలబడ్డ ఫొటో. భూతద్దం పెట్టి చూస్తే ఛాతీ మీద బిళ్ల, దాని మీద అదే నంబరు! ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత పింఛను కాగితం కూడా దొరికింది. మూడూ కలిపి ముంబై సేకర్త ఒకాయన 22 వేలకు తీసుకున్నాడు. నా రెండున్నర వేలకు ఇచ్చేసి ఉంటే ఆ ఫొటో గోడ మీదే చెదలు పట్టేది. అందుకే చెప్తున్నా, బిళ్లనూ దాని కాగితాలనూ విడదీయకండి. ముగ్గురు అన్నదమ్ములు వాటాలేసుకుని తలా ఒకటి పట్టుకుపోతే మూడూ ఉత్త సామాన్లే.

పెట్టెలో ఉర్దూ కాగితాలు కొన్ని ఉన్నాయన్నారు, "అవి పనికిరానివనుకుంటా" అని కూడా రాశారు. వాటినే ముందు చూడండి. నిజాం కాలంలో సర్కారు కాగితం ఉర్దూలోనే నడిచేది. మీ దగ్గర్లో ఉర్దూ మీడియం స్కూలు టీచరును అడగండి, చేతిరాత అలవాటున్న పాత తరం వాళ్లయితే మేలు. మూడు సంగతులు అడిగి రాసుకోండి: పేరు, నంబరు, తారీఖు.

తారీఖు దగ్గర అందరూ తడబడతారు. అందులో 1350 అని ఉంటే బెంబేలు పడకండి, అది ఫసలీ సంవత్సరం, నిజాం సర్కారు కాగితాల్లో వాడిన లెక్క. హైదరాబాద్ ఫసలీ అక్టోబర్ మొదట్లో ఆజర్ నెలతో మొదలయ్యేది. ఆజర్, దై, బహ్మన్ నెలలైతే 590 కలపండి, ఇస్ఫందార్ నుంచి ఆపైన ఏ నెలైనా 591. సుమారు లెక్కకు ఇది చాలు. 1350 ఆజర్ అంటే 1940 అక్టోబర్ ప్రాంతం. అదే కాగితంలో హిజ్రీ తారీఖు కూడా ఉండొచ్చు, రెండూ కలగాపులగం చేయకండి.

జీతం అంకె పక్కన ఓ.ఎస్. (ఉస్మానియా సిక్కా) అనో, హాలీ సిక్కా అనో ఉంటే అది నిజాం రూపాయి. బ్రిటిష్ ఇండియా రూపాయిని బి.జి. (బ్రిటిష్ గవర్నమెంట్) అని రాసేవాళ్లు. ఆరు బి.జి. రూపాయలకు దాదాపు ఏడు హాలీ రూపాయలు వచ్చేవి. పాత టికెట్ల మీద ఇదే పెద్ద గుర్తు. నా దగ్గరున్న అట్ట టికెట్లలో ఓ.ఎస్. ఛార్జీ ఉన్నవాటికి ఇచ్చే విలువ వేరు, అది హైదరాబాద్ రాజ్యం లోపల తిరిగిన టికెట్ అని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇంట్లో ఏమీ దొరక్కపోతే బయట వెతకాలి. తార్నాకలో తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, హైదరాబాద్ రాజ్యం కాగితాలు అక్కడే. ఒక కండక్టరు పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకుని వెళ్లకండి. డిపార్ట్‌మెంటు గురించిన ఫైళ్ల కోసం అడగండి. ఏ ఏడు ఏ ఊరికి బస్సు పడింది అన్నది తెలిస్తే నాయనమ్మ చెప్పిన మాటతో జోడించుకోవచ్చు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, పాత అసఫియా లైబ్రరీ, అక్కడ పాత పత్రికలు తిరగేయండి. ఒక పూటలో అయ్యే పని కాదు, భోజనం కట్టుకుని వెళ్లండి.

ధర మాట

ఆన్‌లైన్‌లో కనిపించే లక్షలు అడిగిన ధరలు, అమ్ముడుపోయిన ధరలు కావు. నేను నా పాత చెప్పులు పది లక్షలకు పెట్టగలను, కొనేవాడెవడు? వేలం సంస్థలు అమ్మకం అయ్యాక ప్రకటించే ధరలు చూడండి, అవి నమ్మొచ్చు. అందులోనూ సంస్థ కమిషన్ పోతే చేతికి తక్కువే వస్తుంది.

బిళ్లల్లో నా అనుభవం ప్రకారం ఎన్.జి.ఎస్.ఆర్.కు ఎన్.ఎస్.ఆర్. కన్నా గిరాకీ ఎక్కువ. రైలువాటి వెంట పడేవాళ్లే ఎక్కువమంది, బస్సువాటిని అడిగేవాళ్లు తక్కువ. అయితే బస్సు బిళ్లలు చేతికి రావడమూ అరుదే, పాతికేళ్లలో నేను చేత్తో పట్టుకున్నవి నాలుగో ఐదో. అందుకే మీదానికి సరైన మనిషి తగిలితే నేను చెప్పిన ఐదు వేలు దాటొచ్చు, తగలకపోతే ఏడాదైనా కదలదు. రిటైరైన ఆర్టీసీ వాళ్లలో ఇలాంటివి పోగుచేసేవాళ్లు ఉన్నారు, వాళ్లను వాకబు చేయండి. ఒకే మనిషి చెప్పిన ధరకు ఇచ్చేయకండి, నాతో సహా. కొనాలని చూసేవాడే విలువ కడితే ఎలా కడతాడో తెలిసిందే కదా.

మీ అరవై వేల పెద్దమనిషి సంగతి. ఎక్కువ ధర చెప్పి, ముందు ఫీజు అడిగి, ఆ తర్వాత జీఎస్టీ అని ఇంకొంత, కొరియర్ అని ఇంకొంత లాగడం పాత నాణేల వాళ్ల దగ్గర బాగా నలిగిన పద్ధతి. రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని కూడా ఇలా చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. ఆధార్ కాపీ పంపి ఉంటే ఇకపైన ఓటీపీల దగ్గర జాగ్రత్త.

చట్టం సంగతి రెండు ముక్కలు

అమెరికాలో ఉన్న మీ బాబాయి కొడుక్కి పంపిద్దామనుకుంటున్నానని చివర్లో రాశారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువు దేశం దాటించడానికి వీల్లేదు. మీ బిళ్ల 1932కి ముందుది కాదు కాబట్టి దానికింకా వందేళ్లు నిండలేదు. చాలామందికి తెలియని మెలిక ఇంకొకటుంది. చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, దస్తావేజుల్లాంటి కాగితాలకు గడువు వందేళ్లు కాదు, డెబ్బై అయిదే. అంటే బిళ్ల వెళ్లొచ్చేమో గానీ, దానితో ఉన్న 1940 నాటి ఉత్తర్వు దగ్గర ప్రశ్న వస్తుంది. పంపేముందు ఆర్కియలాజికల్ సర్వే వాళ్లను అడిగి, పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోండి. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి పంపే ఆలోచన వద్దు.

రైల్వే సామాను విషయంలో ఇంకో చట్టం ఉంది, 1966ది. రైల్వే సొత్తును అక్రమంగా దగ్గర పెట్టుకోవడం నేరం. తాత యూనిఫాం బిళ్లకు ఎవరూ మిమ్మల్ని అడ్డగించరు గానీ, ఎవరైనా లైను టోకెన్లు, సిగ్నల్ పరికరాలు తెచ్చి అమ్ముతామంటే దూరంగా ఉండండి. రైల్వే తుక్కు వేలంలో కొన్న రసీదు ఉంటే వేరే సంగతి.

అమ్మకుండా మ్యూజియానికి ఇద్దామా అన్నారు. మంచిదే. కాచిగూడ స్టేషన్లో చిన్న రైల్వే మ్యూజియం ఉంది. 1916లో కట్టిన భవనం అది, బిళ్లకు తగిన చోటే. ఎక్కడ ఇచ్చినా కాగితం రాయించుకోండి: వస్తువు వివరం, ఫొటో, తాత పేరు, ఎవరిచ్చారు, ఇచ్చేశారా లేక చూపించడానికే ఇచ్చారా. ఒకచోట నేను రెండు లాంతర్లు నోటిమాట మీద ఇచ్చాను. పై అధికారి మారాక వెళ్లి అడిగితే అలాంటివి మా దగ్గర లేవన్నారు. నేను ఇచ్చానని చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

ఇప్పటికి చేయాల్సింది ఇదీ. పొద్దున కిటికీ దగ్గర, ఎండ పక్కనుంచి పడేలా బిళ్లను పెట్టి ముందూ వెనకా ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి. పక్కన ఒక స్కేలు ఉంచండి. కంసాలి దగ్గర తూయించి గ్రాములు రాయండి. ఉర్దూ కాగితాల ఫొటోలు కూడా పెట్టండి, నాకు తెలిసిన ఒకరితో చదివిస్తాను. ట్రంకు పెట్టె అడుగున పరిచిన పాత పేపరు ఉంటుంది చూడండి, దాన్ని పారేయలేదు కదా? తీసి దాని మీద తారీఖు ఏముందో రాయండి.